బూటు కింది అతుకు

స్కేటింగ్ రింకు చుట్టూ నిలబడిన పెద్దవాళ్ళు పిల్లల ముఖాలు చూస్తారు, చక్రాల రంగు చూస్తారు, బూటు మీదున్న కంపెనీ పేరు చూస్తారు. నేను బూటు అడుగు చూస్తాను. బూటు సోలు ముగిసి, చక్రాలని పట్టి ఉంచే ఫ్రేము మొదలయ్యే చోట సన్నటి గీత ఒకటుంటుంది. వరస చక్రాల స్కేట్ల మీద ఇన్‌లైన్ హాకీ ఆడే పిల్ల ఎంత చురుగ్గా మలుపు తిరుగుతుంది, ఎంత దగ్గరలో ఆగగలుగుతుంది, పడితే ఎందుకు పడింది అన్నవాటిలో చాలా సంగతులు ఆ గీత దగ్గరే తేలిపోతాయి. పైనున్న బూటు కాలికి చెందినది. కిందనున్న నాలుగు చక్రాలు నేలకి చెందినవి. ఈ రెంటినీ కలిపేది ఆ అతుకు ఒక్కటే. మా మేనకోడలు ఈ ఆటలోకి వచ్చినప్పటి నుంచి నేను ఆ అతుకు గురించే ఆలోచిస్తున్నాను.

మాది విజయనగరం. ఇక్కడ క్రికెట్ బ్యాటుకి పిడి చుట్టించుకోవచ్చు, షటిల్ రాకెట్టుకి తీగ వేయించుకోవచ్చు. స్కేటు ఫ్రేము వదులైతే మాత్రం తీసుకెళ్ళి ఇవ్వడానికి ఒక దుకాణం లేదు. విశాఖపట్నం అరవై కిలోమీటర్ల దూరం. అక్కడి ఉడా పార్కులో, సముద్రం ఎదురుగా, పేరున్న స్కేటింగ్ రింకుంది. శ్రీకాకుళం పిల్లలకైతే ఆ దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆమదాలవలసలో రైలెక్కి వచ్చే పిల్లకి దారిలో ఫ్రేముని బూటుకి పట్టి ఉంచే రివిట్టు ఒకటి ఊడిందంటే ఆ వారం సాధన పోయినట్టే. అందుకే ఈ పని ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చి తీరాలి. మా ఇంట్లో నాకు వచ్చింది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెంటికీ ఒంటి బలంతో ఆడే ఆటలంటే ప్రాణం. శ్రీకాకుళంలో ఆటస్థలానికి మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు పెట్టుకున్నాం. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలు వీధికొకరు కనిపిస్తారు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం గెలిచింది. ఇన్ని పతకాలు ఇంత చిన్న ఊళ్ళకి ఎలా వచ్చాయని ఆలోచిస్తే నాకు తోచే కారణాల్లో ఒకటి బరువులు తగిలించి ఎత్తే ఇనుప బారు. ఆడవాళ్ళ బారు పదిహేను కిలోలు, మగవాళ్ళది ఇరవై. ఊరికి ఒక్క బారున్నా చాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాతిక మంది దాన్నెత్తొచ్చు. అక్క దింపితే చెల్లి ఎత్తుకుంటుంది. బారుకి ఎవరి చేతులైనా ఒకటే.

స్కేటు అలా కాదు. అది ఒక్క కాలికే. ఆ కాలు కూడా ఏడాది తిరిగేసరికి ఎదిగిపోతుంది. పది మందికి పనికొచ్చే బారున్న ఊళ్ళో ఆట పెరిగింది, ఒక్కరికే పనికొచ్చే బూటున్న చోట ఆట డబ్బున్న ఇళ్ళ దగ్గర ఆగిపోయింది. అయితే ఈ మాట సగమే నిజం. బూటు ఒక్కరిదే, ఫ్రేము మాత్రం ఒక్కరిది కానక్కర్లేదు. బూటు మెత్తబడిపోతుంది, చీలమండ దగ్గర కూలిపోతుంది, ఇరుకైపోతుంది. బాగా చూసుకున్న అల్యూమినియం ఫ్రేము రెండు మూడు బూట్ల ఆయుష్షు బతుకుతుంది. ఒక బూటు నుంచి విప్పి ఇంకో బూటుకి బిగించడం చేతనైతే అక్క ఫ్రేము చెల్లికి వస్తుంది, పక్కింటి పిల్లాడికీ వస్తుంది. ఈ అతుకు మీద నాకింత పట్టింపు అందుకే.

అసలు ఈ ఆట పుట్టుకలోనే ఆ బిగింపు ఉంది. వరస చక్రాల స్కేటు కొత్తదేమీ కాదు, 1819లోనే పెటిబ్లె అనే ఆయన పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ ముందు రెండు, వెనక రెండు చక్రాల స్కేటు చేశాక వరస చక్రాలని లోకం మరిచిపోయింది. మళ్ళీ 1980 ప్రాంతంలో మినియాపొలిస్‌లో స్కాట్ ఒల్సన్ అనే కుర్ర హాకీ ఆటగాడికి ఒక దుకాణంలో పాత వరస చక్రాల స్కేటు దొరికింది. వేసవిలో మంచు ఉండదు, సాధన ఆగిపోతుంది. అతను ఆ చక్రాల ఫ్రేముని తీసుకెళ్ళి మంచు హాకీ బూటుకి బిగించాడు. తర్వాత అతనూ, అతని తమ్ముడూ ఇంట్లోనే అలా బిగించి అమ్మడం మొదలుపెట్టారు. రోలర్‌బ్లేడ్ అనే పేరు లోకమంతా తిరిగింది ఆ పని వల్లే. వాళ్ళు చక్రం కనిపెట్టలేదు, బూటూ కనిపెట్టలేదు. ఒకదాని కిందికి ఇంకొకటి సరిగ్గా తెచ్చారు.

సరిగ్గా తేవడం అంటే ఏమిటో చెప్తాను. బూటుని తలకిందులు చేసి చూస్తే మడమ వెనక కుట్టు నడిమికి ఒక గుర్తు పెట్టుకోవచ్చు. ముందు భాగంలో గుర్తు బొటనవేలికీ రెండో వేలికీ మధ్యన పడాలి. ఈ రెంటినీ కలిపే గీత మీద ఫ్రేము నడుమ కూర్చోవాలి. పొడవులో ముందు చక్రం, వెనక చక్రం బూటుని ఇంచుమించు సమానంగా దాటి ఉండాలి. ఇది మొదటి లెక్క. కంపెనీ నుంచి వచ్చే బూట్లన్నీ ఈ లెక్కతోనే వస్తాయి. చాలామందికి అంతే చాలు కూడా.

అందరి పాదాలూ ఒక్కలా ఉండవు. మా మేనకోడలు ఒకరోజు రింకు దిగి వచ్చి, "మావయ్యా, కుడికాలు నా మాట వినట్లేదు" అంది. ఇంటికొచ్చాక రెండు బూట్ల చక్రాలూ విప్పి వరసగా నేల మీద పెట్టాను. ఎడమ బూటు చక్రాలు రెండు వైపులా సమంగా అరిగాయి. కుడివి లోపలి అంచున గీసినట్టు అరిగిపోయాయి. పిల్ల చెప్పిన మాట చక్రాల మీద రాసి ఉంది. తర్వాత ఆమెని బూట్లతో గోడ పక్కన ఒంటికాలి మీద, మోకాలు కొద్దిగా వంచి నిలబడమని వెనక నుంచి చూశాను. ఎడమ చీలమండ నిటారుగా ఉంది. కుడిది లోపలికి వాలిపోతోంది. అలా వాలే కాలికి ఫ్రేముని కొద్దిగా లోపలి వైపు జరిపితే ఆసరా బరువు కిందికి వస్తుంది. బయటికి వాలే కాలికి బయటికి జరపాలి. ఒకటీ రెండు మిల్లీమీటర్లు, అంతకు మించి అక్కర్లేదు. ఆ రెండు మిల్లీమీటర్లే ఆటకి వచ్చేసరికి బోలెడు దూరమవుతాయి.

చిక్కేమిటంటే ఇది బూటుని చూస్తే తెలియదు. బూటు లోపలున్న ఎముక ఎక్కడుందో చూడాలి. ఇక్కడే మన ఇళ్ళలోని ఒక మంచి అలవాటు ఈ ఆటకి అడ్డొస్తుంది. బూట్లు కొనే రోజున మా అమ్మ, అంటే పిల్ల అమ్మమ్మ, "ఎదిగే పిల్లరా, ఓ రెండు సైజులు పెద్దవి కొనీండి, రెండేళ్ళు ఎల్లిపోద్ది" అంది. స్కూలు బూట్లయితే ఆ మాట సబబే, మేమందరం అలా పెరిగినవాళ్ళమే. స్కేటుకి అది సరిపోదు. పెద్ద బూటులో పాదం అటూ ఇటూ జరుగుతుంది, మడమ లేస్తుంది. ఫ్రేము బూటు నడిమికి ఉంటుంది కానీ పాదం నడిమికి ఉండదు. పిల్ల తన శక్తిలో సగం చక్రాల మీద పెట్టక, బూటులో కాలు నిలబెట్టుకోవడానికే ఖర్చు చేస్తుంది. హాకీ స్కేటు సాధారణంగా బయట తొడిగే బూటు కంటే ఒక సైజు, ఒకటిన్నర సైజు తక్కువే తీసుకుంటారు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి, మోకాలు వంచితే మడమ వెనక్కి వెళ్ళి కూర్చోవాలి. అమ్మకి ఇదంతా చెప్పి, పిల్ల చేత రెండు సైజులూ తొడిగించి దుకాణంలోనే కూర్చోబెట్టి లేపి చూపించాను. "సరే, కాలికి పట్టిందే తీసుకో" అంది. ఖర్చు మాటకి వేరే దారి వెతకాలి. ఫ్రేముని బూటు నుంచి బూటుకి మార్చుకోవడమే ఆ దారి.

మార్చడం అంటే ముందు రివిట్లు తీయాలి. బూటు లోపలి మెత్తటి అట్ట పైకి లాగితే కింద రివిట్ల నోళ్ళు పువ్వులా విచ్చుకుని కనిపిస్తాయి. బయటి తలని రివిట్టు బొడ్డు కంటే కాస్త సన్నటి డ్రిల్లు పుల్లతో తినేస్తే లోపలికి తోసి తీసేయొచ్చు. తొందరపడి లావు పుల్ల పెడితే సోలు రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఏ రివిట్టూ అక్కడ నిలవదు. ఒక్కో బూటుకి ముందూ వెనకా కలిపి డజను దాకా ఉంటాయి. మంచి దుకాణాల్లో దీనికో ప్రెస్సు ఉంటుంది. మనకది లేదు. అందుకని నేను బూటూ ఫ్రేమూ పట్టుకుని మా ఊరి మూడు లాంతర్ల కూడలి వైపు, చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన బూటుని చేతిలోకి తీసుకుని ముందు కింద చూడలేదు. లోపల చెయ్యి పెట్టి వేళ్ళతో తడిమాడు. "బాబూ, ఇది బయట అందంగా ఉంటే సాలదు. రివిట్టు కొట్టీసినాక లోపల మొన తగిలిందనుకో, పిల్ల కాలు కోసీస్తాది" అన్నాడు. ఆయన దగ్గర మూడు కాళ్ళ ఇనుప దిమ్మ ఉంది. దాని మీద బూటు బోర్లించి, రాగి రివిట్టుకి నోరు విచ్చి పడుకునేలా దెబ్బ ఎక్కడ ఎంత వెయ్యాలో ఆయన చేతికి తెలుసు. ఫ్రేము తగలకుండా దెబ్బ రివిట్టు మీదే పడడానికి సన్నటి గుండ్రటి కడ్డీ కావాలి. దాన్ని లేతు మిషను షాపులో తిరగేయించుకొచ్చాను. స్కేటు అన్న వస్తువుని ఈ ఇద్దరూ అంతకు ముందు చేతిలో పట్టుకున్నవాళ్ళు కాదు. అయినా పని తప్పలేదు. తోలుకి ఇనుము అతకడం ఒకరికి తెలుసు, ఇనుముని కొలతకి తేవడం ఒకరికి తెలుసు. ఈ ఆటకి కావలసిన పనితనం మన ఊళ్ళో లేదనే మాట నేనిక ఒప్పుకోను. అది ఉంది, వేరే వేరే వీధుల్లో ఉంది.

రివిట్టు బదులు మరబోల్టు వెయ్యొచ్చా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. వెయ్యొచ్చు. బూటు లోపల వెడల్పాటి తల ఉన్న నట్టు కూర్చోబెట్టి, కింద నుంచి బోల్టు బిగిస్తారు. ఎదిగే పిల్లలకి నేను బోల్టునే ఇష్టపడతాను, ఎందుకంటే ఫ్రేముని జరిపి చూడొచ్చు. మొదట ముందొకటి, వెనకొకటి మాత్రమే బిగించి, పిల్లని నిలబెట్టి, రింకులో నాలుగు చుట్లు తిప్పించి, కుదిరిందనుకున్నాక తక్కిన రంధ్రాలు వేసుకోవచ్చు. రివిట్టు ఆ అవకాశం ఇవ్వదు, పడిందంటే పడిందే. అయితే రివిట్టు వదులయ్యే ముందు చాలాకాలం నమ్మకంగా ఉంటుంది, బోల్టు అదురుకి మెల్లగా తిరుగుతుంది. మర మీద ఊడకుండా పట్టే జిగురు చుక్క వెయ్యాలి, మొదటి కొన్ని ఆటల తర్వాత తప్పకుండా బిగింపు చూడాలి. వేగం పోటీల స్కేట్లు అన్నీ బోల్టువే. వాటి అడుగున పొడవాటి గాళ్ళుంటాయి, రెండు బోల్టుల మధ్య దూరం 165 లేదా 195 మిల్లీమీటర్లని ప్రమాణం ఉంది. హాకీలో కర్రలు తగులుతాయి, బంతి బదులు వాడే బిళ్ళ, అంటే పక్, తగులుతుంది, పక్కకి దూకి ఆగుతారు. అందుకే హాకీ కంపెనీలు ఎక్కువగా రివిట్టునే నమ్ముకున్నాయి.

బొబ్బిలిలో వీణకి మెట్లు కూర్చోబెట్టడం చూసినవాళ్ళకి ఈ ఫ్రేము పని కొత్తగా అనిపించదు. పనస మొద్దు ఎంత మంచిదైనా, చెక్కడం ఎంత బాగున్నా, మైనం మీద ఇరవైనాలుగు మెట్లు కూర్చునే చోటే వీణ పలకడమో పలకకపోవడమో తేలుతుంది. ఆ పని కొలబద్దతో మొదలై చెవితో ముగుస్తుంది. ఇక్కడ కొలబద్దతో మొదలై పిల్ల నిలబడే తీరుతో ముగుస్తుంది.

హాకీ ఫ్రేముల్లో ఇంకో విశేషం చక్రాల సైజు. చాలా వాటిలో ముందు రెండు 76 మిల్లీమీటర్లు, వెనక రెండు 80. బూటులో మడమ కాస్త ఎత్తుగా ఉంటుంది గనక దాని కింద పెద్ద చక్రం పడుతుంది. పెద్ద చక్రం వేగాన్నిస్తే, ముందున్న చిన్న చక్రాలు కాలిని నేలకి దగ్గరగా ఉంచి మలుపుకి సాయపడతాయి. ఇలాంటి ఫ్రేమున్నవాళ్ళు చక్రాలు మార్చేటప్పుడు ముందువి ముందువాటితోనే, వెనకవి వెనకవాటితోనే మార్చాలి. ఎడమ బూటు మొదటిది కుడి బూటు రెండోది కావాలి, అరిగిన అంచు బయటికి తిరగాలి. నెలకోసారి ఇది చేస్తే చక్రం చాలాకాలం వస్తుంది. చక్రం గట్టిదనాన్ని అంకె పక్కన ‘ఏ’ అనే ఇంగ్లీషు అక్షరంతో చూపిస్తారు. నున్నటి లోపలి నేలకి 74ఏ, 76ఏ లాంటి మెత్తనివి, సిమెంటు నేలకి 80 దాటిన గట్టివి. మన దగ్గర పిల్లలు ఎక్కువగా ఆడేది సిమెంటు మీదే. లోపలి నేల కోసం చేసిన ఖరీదైన మెత్తటి చక్రం సిమెంటు మీద కొద్దిరోజుల్లోనే పెచ్చులు లేచిపోతుంది.

బేరింగుల దగ్గర మాత్రం నాకు ఓపిగ్గా మాట్లాడాలనుంది, ఎందుకంటే మనది సముద్రపు గాలి. ఒక చక్రానికి రెండు, జతకి పదహారు బేరింగులు. వీటి నంబరు 608. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22, వెడల్పు 7. ఇదే నంబరు చిన్న మోటార్లలో, చేతి మిషన్లలో వాడతారు గనక విజయనగరంలో బేరింగుల షాపుకెళ్ళి 608 అంటే చాలు, ఇస్తారు. స్కేట్ల పేరు చెప్పి దూరం నుంచి తెప్పించుకునే పని లేదు. ఏబెక్ 7, ఏబెక్ 9 అని అట్టపెట్టె మీద రాసే అంకె కొలతల కచ్చితత్వానికి సంబంధించినది. ఆటలో పడే దెబ్బకి, ఉప్పుకి, దుమ్ముకి అది ఎంత తట్టుకుంటుందో ఆ అంకె చెప్పదు.

విశాఖ బీచి రోడ్డు గాలిలో ఒక సాయంత్రం ఆడి వచ్చి, సంచిలో అలాగే కట్టి పడేస్తే బేరింగు లోపల తుప్పు మొదలవుతుంది. ఇంటికి రాగానే సంచి విప్పి బూట్లు గాలికి పెట్టడం, ఫ్రేము పొడిగుడ్డతో తుడవడం, ఈ రెండూ అలవాటైతే సగం జబ్బులు రావు. శుభ్రం చెయ్యాలంటే సన్నటి సూదితో పక్కన ఉండే రింగు తీసి, మూత తీసి, కిరసనాయిల్లో వేసి ఊపాలి. మురికి నల్లగా దిగుతుంది. బాగా ఆరనిచ్చి కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు. కొబ్బరినూనె వెయ్యకూడదు, చలికాలంలో గడ్డకడుతుంది, దుమ్ముని పట్టుకుంటుంది. నీళ్ళతో కడగడం అసలే కూడదు. సాధన రోజులకి గ్రీజు, పోటీకి నూనె అన్నది నా అభిప్రాయం. గ్రీజు చక్రాన్ని కొంచెం బరువు చేస్తుంది, కాని ఉప్పుని లోపలికి రానివ్వదు. బరువైన చక్రం మీద సాధన చేసిన కాలికి పోటీ రోజున తేలికగా ఉంటే నష్టమేముంది.

ఇరుసు బిగింపులో పిల్లలు బలం చూపిస్తారు. చక్రం పక్కలకి ఊగకుండా, స్వేచ్ఛగా తిరిగేంత వరకే బిగించాలి. అల్యూమినియం మర ఒకసారి పోయిందంటే ఫ్రేమే పోయినట్టు. ఆడి వచ్చిన రాత్రి బూటుని ఒడిలో పెట్టుకుని, ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ఫ్రేము పట్టుకుని మెలితిప్పి చూడమని మా మేనకోడలికి నేర్పాను. టక్కుమంటే ఏదో రివిట్టు వదులైందని అర్థం. రివిట్టు చుట్టూ నల్లటి పొడి కనిపించినా అదే కబురు. ఒక్కటి వదులైతే తక్కిన వాటి మీద భారం పడుతుంది, రంధ్రాలు కోలగా సాగుతాయి. ఆ దశకి రాకముందే పట్టుకోవాలి. ఇప్పుడు ఆ పిల్ల తన బూట్లే కాక తోటివాళ్ళవి కూడా పట్టుకుని మెలితిప్పి చూస్తుంది. "నీది వెనక రెండోది పోయిందే" అని చెప్పే ఆ గొంతులో నాకు ఆట మీద ఆమెకున్న ప్రేమ వినిపిస్తుంది. గోలు కొట్టినప్పుడు కూడా అంత స్పష్టంగా వినిపించదు.

మన తెలుగువాళ్ళు ఈ చక్రాల మీద దేశానికి పతకాలు తేలేదా అంటే, తెచ్చారు. హైదరాబాద్ ఇందిరా పార్కు రింకులో తయారైన అనూప్ కుమార్ యామ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. అతని ఆటలో స్కేటు వేరు, ముందు రెండు, వెనక రెండు చక్రాలది. కానీ అక్కడా బూటు కింద ప్లేటు ఉంటుంది, ఆ ప్లేటు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నే ఉంటుంది. గాలిలోకి లేచి తిరిగి ఒంటికాలి మీద దిగేవాడికి ఆ ప్రశ్న ఇంకా పెద్దది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన స్పీడ్ స్కేటింగ్ రిలే జట్లు, ఆడవాళ్ళదీ మగవాళ్ళదీ, 3000 మీటర్లలో కాంస్యాలు తెచ్చాయి. ఇన్‌లైన్ హాకీ సంగతి వేరు. నలుగురు ఆటగాళ్ళు, ఒక గోలీ, బంతి బదులు పక్. మార్పు ఆటగాళ్ళతో కలిపి ఒక జట్టు నిలబడాలంటే కనీసం పది మంది పిల్లలకి బూట్లు కావాలి. ఈ ఆట చిన్న ఊళ్ళ దాకా రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఒక్క పిల్లకి కొనగల ఇల్లుంటుంది, పది మందికి కొనగల ఊరుండదు.

కొనక్కర్లేని దారి నేను మా వీధిలోనే చూశాను. మా మేనకోడలి మొదటి ఫ్రేము ఇప్పుడు ఎదురింటి పిల్లాడి బూటు కింద ఉంది. ఫ్రేము పొడవు అతని బూటుకి సరిపోతుందా అని ముందు కొలిచి చూశాం. చిన్న బూటు కింద పొడవాటి ఫ్రేము పెడితే మలుపు తిరగడం కష్టమవుతుంది. సరిపోయింది. పాత రంధ్రాలు కొత్త సోలు మీద గుర్తు పెట్టి, పిల్లాణ్ణి నిలబెట్టి చూసి, గీత కొంచెం బయటికి జరిపాం, వాడి కాళ్ళు బయటికి వాలే రకం. మూడు లాంతర్ల పెద్దాయనే రివిట్లు కొట్టాడు. ఈసారి కడ్డీ తన దగ్గరే ఉంచమన్నాడు, "ఇంకో జత వొస్తే ఇక్కడికే తెండి" అన్నాడు.

విజయనగరం విజ్జీ స్టేడియంలో, శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలో ఒక్కో బీరువా అడగాలని నాకుంది. అందులో ఒక రివిట్టు ప్రెస్సు, రాగి రివిట్ల డబ్బా, నాలుగు మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, 608 బేరింగులు, పిల్లలు వదిలేసిన ఫ్రేములు సైజు రాసిన చీటీలతో. రింకు కట్టడానికి డబ్బూ ఏళ్ళూ పడతాయి, ఈ బీరువాకి ఒక చిన్న తీర్మానం చాలు. ఫ్రేము ఇచ్చిన ఇంటి పేరు ఒక పుస్తకంలో, తీసుకున్న పిల్ల పేరు ఇంకో పుస్తకంలో రాసుకుంటే సరి. బిగించే పని నేర్చుకుంటామని చెప్పులు కుట్టేవాళ్ళు గానీ, లేతు పనివాళ్ళు గానీ, ఐటీఐ పిల్లలు గానీ ముందుకొస్తే ఆదివారాలు నేను శ్రీకాకుళం దాకా వచ్చి కూర్చుంటాను. పాత బూటు ఒకటి, పాత ఫ్రేము ఒకటి తెచ్చుకుంటే చాలు, మొదటి పాఠం రివిట్టు తీయడంతో మొదలుపెడదాం.